ప్రశ్న ఎవరిది? ఆంగ్లబోధనలో అంతర్జాతీయ సహకారం - బెంగళూరు ప్రాజెక్టు పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతదేశంలో ఆంగ్లోపాధ్యాయుల కోసం విదేశీ సంస్థల సహకారంతో పలు ప్రాజెక్టులు జరిగాయి. ఎందరికి శిక్షణ అందిందన్న లెక్కతో వాటి విలువను కట్టడం పరిపాటి. ఈ వ్యాసం ఆ కొలమానాన్ని ప్రశ్నిస్తూ, 1979-84 మధ్య దక్షిణ భారతంలో జరిగిన బెంగళూరు ప్రాజెక్టును పరిశీలిస్తుంది. సహకారం సార్థకం కావడానికి నిధులకంటే, నిపుణులకంటే, ప్రశ్న ఎక్కడ పుట్టింది, అందులో తరగతి ఉపాధ్యాయుని పాలు ఎంత అన్నవే ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆంగ్లబోధన, అంతర్జాతీయ సహకారం, బెంగళూరు ప్రాజెక్టు, ఎన్.ఎస్. ప్రభు, కృత్యాధార బోధన.

1. ఉపోద్ఘాతం:
స్వాతంత్ర్యానంతరం మనదేశంలో ఆంగ్లోపాధ్యాయ శిక్షణ విదేశీ సహకారంతో ముడిపడి పెరిగింది. 1958లో హైదరాబాదులో భారత ప్రభుత్వం నెలకొల్పిన కేంద్ర ఆంగ్ల సంస్థకు బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పడ్డాయి. ప్రసిద్ధ కన్నడ కవి వి.కృ. గోకాక్ సంచాలకులుగా పనిచేసిన ఆ సంస్థే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఇటువంటి సహకారం వెనుక ఆధిపత్యం ఉందని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో వెలువరించిన 'లింగ్విస్టిక్ ఇంపీరియలిజం' గ్రంథంలో వాదించారు. ఆ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. అయితే దానినే పూర్తి సత్యంగా తీసుకుంటే, ఇక్కడి ఉపాధ్యాయుడు ఇచ్చినదాన్ని పుచ్చుకొనేవాడుగానే మిగిలిపోతాడు. ఇక్కడ పుట్టిన ఆలోచనకు చోటు దక్కదు. బెంగళూరు ప్రాజెక్టును తిరిగి చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. పూర్వరంగం - మద్రాసు 'స్నోబాల్':
1950వ దశకం చివర మద్రాసు రాష్ట్రంలో ప్రాథమిక స్థాయి ఆంగ్లోపాధ్యాయులకు పునఃశిక్షణనిచ్చే బృహత్ప్రయత్నం మొదలైంది. లక్ష్యం 27,000 మంది. కొందరికి శిక్షణ ఇస్తే వారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పుతారు. దొర్లేకొద్దీ పెరిగే మంచుముద్దతో పోలుస్తూ దీనికి 'స్నోబాల్' అన్న పేరు వచ్చింది. బోధించవలసినది వాక్యనిర్మాణాలను క్రమపద్ధతిలో అందించే స్ట్రక్చరల్ పద్ధతి.

సంఖ్యాపరంగా ఇది సాహసోపేతమైన ప్రయత్నం. కాని అంచెల శిక్షణలో ఒక సహజలోపం ఉంది. మొదటి అంచెలో పెరుగుగా ఉన్నది చివరి అంచెకు చేరేసరికి మజ్జిగతేట అవుతుంది. పద్ధతి వెనుక ఉన్న తర్కం జారిపోయి, ఆచరణలోని తంతు మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం: ఈ నమూనాలో ఉపాధ్యాయునికి సమాధానం అందుతుందే తప్ప ప్రశ్నించే అవకాశం లేదు.

3. బెంగళూరు ప్రాజెక్టు - తరగతిలో పుట్టిన ప్రశ్న:
స్ట్రక్చరల్ పద్ధతిలో ఏళ్లతరబడి చదివినా విద్యార్థులు తరగతి వెలుపల ఆంగ్లాన్ని సక్రమంగా వాడలేకపోవడం దక్షిణాది బోధకులను కలవరపెట్టింది. ఆ అసంతృప్తినుండే 'కమ్యూనికేషనల్ టీచింగ్ ప్రాజెక్ట్' పుట్టింది. మద్రాసులోని బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేస్తున్న ఎన్.ఎస్. ప్రభు దీనికి సారథి. బెంగళూరులోని ప్రాంతీయ ఆంగ్ల సంస్థ భాగస్వామి. వ్యాకరణాన్ని సూత్రబద్ధంగా చెప్పకుండా, మనసు అర్థంమీద నిలిచినప్పుడు భాషావ్యవస్థ తనంతట తానుగా అలవడుతుందా అన్నది దాని మూలప్రశ్న.

కృత్యాలను ప్రభు మూడు రకాలుగా విభజించారు: సమాచార అంతరం, వివేచన అంతరం, అభిప్రాయ అంతరం. వీటిలో వివేచనకే పెద్దపీట వేశారు. రైళ్ల వేళల పట్టికను ఉదాహరణగా తీసుకుందాం. ఫలానా వేళకు ఊరు చేరాలంటే ఏ రైలు ఎక్కాలన్నది ఉపాధ్యాయుడు మొదట తరగతి అంతటితో చర్చిస్తాడు. తరువాత అటువంటిదే మరో కృత్యాన్ని విద్యార్థులు ఎవరికి వారుగా చేస్తారు. దిద్దేటప్పుడు చూసేది సమాధానం సరిపోయిందా లేదా అన్నదే. తరగతిలో సగంమంది సగం పనిని చేయలేకపోతే ఆ కృత్యం కఠినమైనదని గుర్తించాలి.

పాశ్చాత్య సంభాషణాత్మక బోధన జట్టుపనికి అధిక ప్రాధాన్యమిస్తున్న కాలంలో ప్రభు దానిని దాదాపు పక్కనపెట్టారు. పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటే దోషరూపాలు స్థిరపడతాయని ఆయన అనుమానం. ఆ అనుమానంతో ఏకీభవించనక్కరలేదు. కాని విదేశీ సంస్థ నీడలో పనిచేస్తూనే, అక్కడ చెలామణిలో ఉన్న సూత్రాన్ని ఇక్కడి తరగతిని చూసి కాదనడం గమనార్హం. 1987లో వెలువడిన 'సెకండ్ లాంగ్వేజ్ పెడగాజి' ద్వారా ఈ అనుభవం ప్రపంచానికి చేరింది. నేడు కృత్యాధార బోధన చరిత్రను ఎవరు రాసినా బెంగళూరును ప్రస్తావించక తప్పదు.

4. పరిమితులు:
అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ చేసిన మూల్యాంకనం 1985లో వెలువడింది. వాక్యనిర్మాణ పరీక్షలో సాధారణ తరగతులు, కృత్యపరీక్షలో ప్రాజెక్టు తరగతులు ముందున్నాయి. ఏ పద్ధతికీ మొగ్గని పరీక్షల్లో ప్రాజెక్టు తరగతులే మెరుగనిపించాయి. అయినా మూల్యాంకనకర్తలు ఫలితాన్ని ఆచితూచి ప్రకటించారు. తరగతుల ఎంపికలో శాస్త్రీయమైన సమతూకం లేకపోవడం ఇందుకు ఒక కారణం.

అసలు లోపం మరొకచోట ఉంది. ప్రాజెక్టులో బోధించినవారిలో ఎక్కువమంది శిక్షకులు, నిపుణులు. రోజువారీ తరగతి ఉపాధ్యాయులు కొద్దిమందే. ఆ కొద్దిమందికీ ఈ పద్ధతి పూర్తిగా పట్టుబడలేదని బెరెట్టా 1990లో చూపారు. ప్రశ్న దేశీయమే, కాని అది పాఠశాల ఉపాధ్యాయునిది కాలేకపోయింది. 'ఉత్తమ పద్ధతి' అంటూ ఏదీ లేదని, బోధనపై ఉపాధ్యాయునికి కలిగే నమ్మకమే కీలకమని ప్రభు 1990లో రాశారు. ఆ మాటను ఈ అనుభవం పక్కన పెట్టి చదివితే దాని బరువు తెలుస్తుంది.

5. నేటి సందర్భం:
1988లో మొదలైన ఐఎర్న్, 2005లో ఐరోపాలో ఆరంభమైన ఈట్విన్నింగ్ వంటివి పాఠశాలలను దేశాలకు అతీతంగా నేరుగా కలిపాయి. ఇప్పుడు మండల కేంద్రంలోని ఉపాధ్యాయురాలు సైతం మరో దేశపు తరగతితో కలిసి పనిచేయగలదు. దూరం తగ్గింది. ప్రశ్న ఎవరిదన్న చిక్కు మాత్రం తీరలేదు. ఇతివృత్తాన్ని, నివేదిక నమూనాను బయటివారే నిర్ణయిస్తే అది పాత మంచుముద్దకు తెరమీది రూపమే.

తెలుగు రాష్ట్రాలకు ఇక్కడ ప్రత్యేకమైన బాధ్యత ఉంది. ఆంగ్లోపాధ్యాయుల అనుభవాలు ఆంగ్ల నివేదికలుగా నిధులిచ్చినవారికి చేరతాయి. పక్క గదిలో గణితం చెప్పే ఉపాధ్యాయునికి, పిల్లల తల్లిదండ్రులకు అవి అందవు. తరగతిలో ఏం జరిగిందో తెలుగులో రాసుకొని, తెలుగులో చర్చించుకోవడం ఆంగ్లబోధనకు అడ్డంకి కాదు. తన ప్రశ్నను తన మాటల్లో పెట్టుకోవడానికి ఉపాధ్యాయునికి అది తొలి మెట్టు.

6. ముగింపు:
- శిక్షణార్థుల సంఖ్య సహకారానికి విస్తృతిని చూపుతుంది, ఫలితాన్ని కాదు. మద్రాసు 'స్నోబాల్' పరిశీలనవల్ల తెలిసేది ఇదే.
- విదేశీ తోడ్పాటు ఉన్నంతమాత్రాన ఆలోచన అరువుది కానక్కరలేదు. ఇందుకు బెంగళూరు ప్రాజెక్టు నిదర్శనం.
- నిపుణులు వేసిన దేశీయ ప్రశ్న సైతం తరగతి ఉపాధ్యాయునికి పరాయిది కావచ్చు. ఆ ప్రాజెక్టు పరిమితి అదే.
- కనుక ఇకపై చేపట్టే ప్రాజెక్టుల్లో ప్రశ్నను రూపొందించే దశలోనే ఉపాధ్యాయులకు స్థానం కల్పించాలి. వారి అనుభవాలను మాతృభాషలోనూ నమోదు చేయాలి.

నిధుల గడువు ముగిసి, నిపుణులు వెళ్లిపోయాక కూడా ఉపాధ్యాయుడు అడుగుతూనే ఉండే ప్రశ్న ఒకటి మిగిలితే, ఆ సహకారం ఫలించినట్లే.