లైట్లాయన పేరేది?

వేదిక మీద ఒక్కరే ఆడితే సోలో అనేస్తాం. నాకా లెక్క ఎప్పుడూ కుదరలేదు. పక్కన నట్టువాంగం, మృదంగం, గాత్రం ఉంటాయి కదా! నట్టువాంగం చేసేవారి చూపంతా నర్తకి పాదాల మీదే. ఆటకు పాట అక్కడికక్కడే తోడవడం మనకు కొత్త కాదు. వెలుతురు దగ్గరికి వచ్చేసరికే మనకు పట్టదు.

అమెరికా నర్తకి లోయీ ఫుల్లర్ 1892లో పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ ప్రదర్శనశాలను ఊపేసింది. చేతుల్లో పొడవాటి కర్రలు, వాటి మీదుగా గజాలకొద్దీ పట్టు, చుట్టూ చీకటి. రంగుగాజుల గుండా విద్యుద్దీపాల వెలుగు పడితే ఆ పట్టు ఒకసారి మంట, ఒకసారి సీతాకోకచిలుక. దీపాలు తిప్పేవాళ్లకు ఆమె మడమతో నేల తట్టి సైగ చేసేది. కనిపించింది ఒక్కతే, ఆడింది మాత్రం చాలామంది.

2006లో ఆస్ట్రేలియాకు చెందిన చంకీ మూవ్ బృందం ‘గ్లో’ అనే నృత్యంలో ఆ సైగల పని కంప్యూటర్‌కి అప్పగించింది. తెల్లటి నేల మీద ఒకే నర్తకి పాకుతుంది, దొర్లుతుంది. పైనున్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఆమె ఒంటి అంచును పసిగడుతుంది. ప్రొజెక్టర్ వెలుగుతో తికమక పడకూడదనే ఆ కెమెరా. జర్మన్ కళాకారుడు ఫ్రీడర్ వైస్ రాసిన సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు గీతలు గీసి ఆమె చుట్టూ పరుస్తుంది. ముందే తీసిపెట్టుకున్న వీడియోతో పని లేదు. రేపు ఆమె కదలిక మారితే రేపటి గీతలూ మారతాయి.

మన దగ్గరా వెలుతురు ఆటలో భాగమే. కాగడాల కాలంలో కూచిపూడి భాగవతులు పాత్ర ప్రవేశించేటప్పుడు మంట మీద గుగ్గిలం పొడి చల్లించేవారు. భగ్గుమనడం ఒక్క క్షణం అటూఇటూ అయితే ప్రవేశం చప్పబడిపోతుంది. అంటే కాగడా పట్టినవాడికీ తాళం తెలియాలి. ఇప్పుడు నేను చూసే సభల్లో లైట్లాయన చివరి గంటలో వస్తాడు. శృంగార పదానికీ రౌద్రానికీ ఒకటే ఎరుపు. ముక్తాయింపు అయిపోయాక గానీ రంగు మారదు. తప్పు ఆయనది కాదు, రిహార్సల్‌కి పిలిచిందెవరు?

గురువుల్లారా, మృదంగం వారిని పిలిచినన్నిసార్లు ఆయన్నీ పిలవండి. ఆహ్వానపత్రికలో ఆయన పేరూ వేయించండి.