చిన్నోడికి తగలని దిష్టి

సెలవులకొచ్చిన మా అన్న పిల్లలిద్దరినీ అమెరికా పంపడానికి పోయిన వారం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్లాం. మామిడిపల్లిలో మా ఇంటి నుంచి ఎంతో దూరం కాదు. అయినా మా అమ్మ తొందర వల్ల నాలుగు గంటల ముందే చేరాం. గేటు ముందు ట్రాలీ ఆపించి, పెద్దపిల్ల బుగ్గల మీదుగా రెండు చేతులూ దూసి, తన కణతలకు నొక్కి మెటికలు విరిచింది అమ్మ. ఎనిమిది మోగాయి. "ఎంత దిష్టి వట్టిందో సూడు బిడ్డకు!" అంది. వెంటనే చిన్నోడికి తీసింది. ఒక్కటీ మోగలేదు. వాడు ముఖం మాడ్చుకున్నాడు.

అవే మెటికలు నాయనమ్మ విరిస్తే దీవెన, నల్లా దగ్గర తగువులో విరిస్తే శాపం. పిల్లలు ఊరికే విరుచుకుంటే మాత్రం ముసలితనంలో కీళ్లవాతం వస్తుందని బెదిరింపు.

నిజానికి అక్కడ విరిగేదేమీ లేదు. కీలు సందులో సైనోవియల్ ద్రవమని జిగటగా ఒకటుంటుంది. వేలిని వంచినా లాగినా సందు పెరిగి లోపలి ఒత్తిడి పడిపోతుంది, ద్రవంలో కరిగిన వాయువు బుడగ కడుతుంది. చప్పుడు బుడగ చితికినప్పటిదని 1971లో లీడ్స్ పరిశోధకులన్నారు. కాదు, పుట్టినప్పటిదేనని 2015లో కెనడాలో కౌచుక్ బృందం ఎంఆర్ఐ తీసి చూపించింది. బుడగ కొంత చితికినా చాలు, ఆ చప్పుడు వస్తుందని 2018లో వినీత్ చంద్రన్ సుజ, అబ్దుల్ బరాకత్ లెక్కకట్టారు. వేలెడంత చోటు కోసం ఇంత తగువు! ఒకసారి మోగిన కీలు మళ్లీ మోగాలంటే మాత్రం ఇంచుమించు ఇరవై నిమిషాలు ఆగాలి.

కీళ్లవాతం సంగతికొస్తే, అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే డాక్టరు యాభై ఏళ్లకు పైగా రోజూ ఎడమచేతి మెటికలే విరిచి, కుడిచెయ్యిని వదిలేశాడు. చివరికి ఏ చేతికీ వాతం రాలేదు. 1998లో ఆ సంగతి రాశాడు, 2009లో ఇగ్ నోబెల్ అందుకున్నాడు. చిన్నప్పుడు ఆయన్ని బెదిరించింది తల్లీ పిన్నులూ, పెళ్లయ్యాక అత్తగారూనట. మన ఇళ్లే గుర్తొచ్చాయి. ఒక్క మనిషి చేతులతో శాస్త్రం తేలదు గానీ, 2011లో రెండొందల మందికి పైగా చేతులు చూసినవాళ్లకూ మెటికలకూ వాతానికీ లంకె దొరకలేదు.

మెడ సంగతి వేరు. కటింగ్ షాపులో మాలిష్ అయ్యాక గడ్డం పట్టుకుని మెడను టక్కున తిప్పబోతే నేను దండం పెట్టి లేచొస్తాను. మెదడుకి నెత్తురు మోసే ధమనుల్లో కొన్ని మెడపూసల్లోంచే వెళతాయి. విసురుకి వాటి గోడ చిరిగి పక్షవాతం రావడం అరుదే, కానీ వచ్చినవాళ్లున్నారు. మా అమ్మ మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు కరకరమంటే, గుజ్జు అరిగిందని ఇరుగుపొరుగు తీర్పిచ్చేశారు. నొప్పీ వాపూ లేని చప్పుడుకి నేను బెంగపడను.

గేటు దగ్గర గడియారం చూసుకున్నాను. బోలెడు టైముంది. చిన్నోడికి చాయ్ తాగించి, అరగంటయ్యాక "అమ్మా, మళ్లొకసారి తియ్యి" అన్నాను. ఈసారి ఆరు మోగాయి.

"అక్కకి ఎనిమిది" అన్నాడు వాడు, ట్రాలీ తోస్తూ.