భయానికి మెట్లు కట్టిన వైద్యం

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరితోటలు నేలకూలాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి తీరపల్లెలు తల్లడిల్లాయి. అలాంటి రాత్రిని దాటి బతికినవాళ్లలో కొందరికి తర్వాత ఏ కొబ్బరిమట్ట గరగరలాడినా గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, పీడకలలు వస్తాయి. నెల దాటినా ఇవి తగ్గక బతుకు సాగనివ్వకపోతే వైద్యులు పీటీఎస్‌డీ అంటారు. ఇది పిరికితనం కాదు. అపాయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం, అపాయం పోయాక కూడా ఒంటిని అప్రమత్తం చేస్తూనే ఉంటుంది.

గాలి వీచినప్పుడల్లా తలుపులు బిగించుకుంటే ఆ పూటకి ఊరటే. కానీ ఇప్పుడు ప్రమాదం లేదని మెదడు నేర్చుకునే వీలు పోతుంది. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్‌డ్ ఎక్స్‌పోజర్ చికిత్స సరిగ్గా ఈ ముడినే విప్పుతుంది. దాని కూర్పు చూడండి.

మొదట భయపెట్టేవాటికి సున్నా నుంచి వంద దాకా మార్కులు వేయిస్తారు. తోడుతో పగలు తోటలోకి వెళ్లడం, ఒంటరిగా వెళ్లడం, వాన సాయంత్రం వరండాలో కూర్చోవడం... ఇలా తక్కువ మార్కుల దానితో మొదలుపెట్టి పైకి ఎక్కిస్తారు. నిజంగా అపాయమున్న పని ఆ జాబితాలోకి రాదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఏటిగట్టు ఎక్కమనరు.

రెండో పని మరీ సున్నితం. కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పిస్తారు: నీళ్లు గుమ్మం దాటుతున్నాయి, కప్పు లేచిపోతోంది. రికార్డు చేసి, ఇంటి దగ్గర రోజూ వినమంటారు. కొన్ని వారాలయ్యాక, గొంతు పూడుకుపోయే ఆ ఒక్క ఘట్టాన్నే మళ్లీమళ్లీ చెప్పిస్తారు. బిడ్డ చెయ్యి తానే వదిలేశానని కుమిలిపోతున్న తల్లిని ఊహించండి. ఆ క్షణాన్ని అంత దగ్గరగా చూశాక, తాను వదల్లేదనీ అలే లాగేసిందనీ ఆమెకే తెలిసిరావచ్చు. చికిత్సకుడు ఓదార్పు మాటలతో తొందరపడడు. ఆ నిజం ఆమె నోటే వచ్చేదాకా ఓపిక పడతాడు. ఈ వైద్యంలో నాకు చేతులెత్తి మొక్కాలనిపించేది ఆ ఓపికకే.

మొత్తం 8 నుంచి 15 విడతలు, ఒక్కోటి గంటన్నర. అందరికీ ఒకే ఫలితం రాదు. శిక్షణ పొందినవారి దగ్గరే చేయించుకోవాలి. దారి తెలియనివాళ్లు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ తెలుగులోనే మాట్లాడుతుంది.

తుపాను తర్వాత ఇల్లు, పడవ, తోట నష్టం లెక్క కడతాం. మనసుకి తగిలిన దెబ్బకి ఇంత పకడ్బందీ వైద్యం ఉన్నప్పుడు, పునరావాసంలో దానికీ ఒక పద్దు ఉండాలి.