రిలే కంటికి ఆనని రోగం

ఈ వారం దేవరకొండలో ఒక వైండింగ్ షాపు ముందు మూత తీసిన స్టార్టర్ డబ్బా కనబడింది. ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, నేమ్ ప్లేటు మీద 8.5 ఆంప్స్. ఓవర్‌లోడ్ రిలే చక్రం మాత్రం 12 మీద. నాకు ఒళ్లు మండింది.

నేమ్ ప్లేటు అంకే వేదమని రాసి రాసి నా చెయ్యి నొచ్చింది, విని విని మీ చెవులూ నొచ్చి ఉంటాయి. అయినా మళ్లీ చెప్తా. మనం పాటించే ఐఎస్/ఐఈసీ ప్రమాణం ప్రకారం, పెట్టిన అంకెకు 1.05 రెట్ల దాకా రిలే రెండు గంటలు కదలకూడదు. కరెంటు 1.2 రెట్లకు చేరితే ఆపైన రెండు గంటల్లోపు కొట్టేయాలి. ఓర్పంతా రిలేలోనే ఉంది, మనం కలపాల్సింది లేదు. అమెరికా కోడ్ కూడా మోటరును బట్టి 115 లేదా 125 శాతం దగ్గర గీత గీస్తుంది. ఇక్కడేమో 141! ఒక ఫేజు పోతే మిగిలిన రెండు వైర్లలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది, అంటే 14.7 ఆంప్స్. చక్రం 8.5 మీదుంటే నిమిషాల్లో తెగుతుంది. 12 మీదుంటే గంటకు పైగా తెగకపోవచ్చు.

ఈ అలవాటు ఎక్కడిదో నల్లగొండ, పాలమూరు పాఠకులకు చెప్పక్కర్లేదు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది 2018 జనవరి 1న. అంతకుముందు త్రీఫేజు వంతుల వారీగా, సగం అర్ధరాత్రే. చేను ఎండుతుంటే కెపాసిటర్ తగిలించి రెండు ఫేజుల మీదే మోటరు నడిపిన కాలం అది. అట్లా నడిపితే రిలే ఊరుకోదు, అందుకే దాన్ని పక్కకు తప్పించి డైరెక్ట్ ఇచ్చేవాళ్లు. నిద్ర మానుకోలేక ఆటో స్టార్టర్లు పెట్టారు. 24 గంటల కరెంటు వచ్చాక ప్రభుత్వమే వాటిని తీసేయమని బతిమాలింది. రిలే ఆటో రీసెట్‌లో ఉండి, పైన ఆటో స్టార్టర్ కూడా ఉంటే, కొట్టేసిన మోటరు చల్లారీ చల్లారకముందే మళ్లీ లేస్తుంది. అట్లా లేచి లేచి కాలుతుంది.

ఇదంతా ఏకరువు పెడితే మెకానిక్ ఓపిగ్గా విన్నాడు. "సార్, చక్రం మీరు చెప్పినకాడ పెట్టినా ఇది కాలిపోయేదే" అని స్టేటర్ నా ముందుకు జరిపాడు. "ఫేజు పోతే కొన్ని చుట్టలు నల్లబడ్తయి, కొన్ని కొత్తగనే ఉంటయి. ఇది మొత్తం ఒక్కతీరు మాడింది. బుష్‌లు చూడండి, పొడి పొడి. బోరు ఆగి ఆగి పోస్తున్నదన్నడు రైతు. నీళ్లే లేకుంటే లోడు ఏడిది సార్?"

లెక్క సరిపోయింది. పంపుకు నీళ్లందకపోతే ఆంప్స్ పెరగవు, తగ్గుతాయి. మోటరును చల్లబరిచేది పక్క నుంచి పారే నీళ్లే. అవి ఆగితే తక్కువ కరెంటుకే లోపల ఉడుకుతుంది, తీగ మీది పీవీసీ పొరకు 70 డిగ్రీలు దాటితే కష్టం. రిలేకు తెలిసింది ఎక్కువైన కరెంటు ఒక్కటే. మన దగ్గర నేల కింద గ్రానైటు, పగుళ్లలో దొరికినన్నే నీళ్లు. ఇక్కడి మోటర్లను తక్కువ కరెంటూ చంపుతుంది.

కాబట్టి నేమ్ ప్లేటు వాదం వదలను, దానికి స్క్రూడ్రైవర్ తప్ప ఖర్చు లేదు. కానీ పైసలు పెట్టేదుంటే కొత్త రిలేకు కాదు, ఆంప్స్ పడిపోతే మోటరు ఆపే డ్రై రన్ ప్రివెంటర్‌కు పెట్టండి. మన చేన్లలో ముందు రావాల్సింది అదే.