మాదిగ మా ఇంటిపేరు కాదు

వంశవృక్షం అనే మాట మా ఇండ్లల్లో పుట్టింది కాదు. తాసిల్దారు ఆఫీసు నుంచి మా వాడకొచ్చింది. డి.కె.టి. పట్టా భూమి నాయన పేరు నుంచి కొడుకుల పేర్ల మీదికి మారాలంటే వంశవృక్షం రాసుకోని రమ్మంటారు. సచ్చిపోయినోళ్లెవరు, బతికుండేవాళ్లెవరు, వారసులెవరు అని తెల్లకాగితం మీద గీతలు గీసి, నలుగురి చేత సంతకాలు పెట్టించి ఇస్తాం. ఆ కాగితం మూడు తరాలు దాటదు. దాటాల్సిన పనీ లేదు. అంతకు ముందు మాకు భూమే లేదు గదా.

ఇప్పుడా మాట కంప్యూటర్ దోవన మళ్లీ వచ్చింది. మా బంధువుల్లో ముగ్గురు పిల్లలు ఎవరికి వాళ్లు కుటుంబం చెట్టు కట్టినారు. హిందూపురంలో మా మేనత్త మనవడు, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం. ధర్మవరంలో మా చిన్నాయన మనవరాలు, వాళ్లది రైల్వే కుటుంబం, చర్చికి పోతారు. పెనుకొండ పక్క పల్లెలో మా అన్న కొడుకు. మూడు ఫైళ్లనూ కలిపి ఒకటి చేయాలని ముగ్గురికీ ఆశ. "చిన్నాయనా, నువ్వొకసారి సూసి సెప్పు" అని మా అన్న కొడుకు మూడూ నాకు పంపినాడు. కథనో కవితనో చదివినట్టే ఈ మూడు ఫైళ్లనూ చదివినాను. ఏం రాసినారు, ఏం వదిలేసినారు, ఎందుకు వదిలేసినారు? విమర్శ అంటే ఇంతే గదా.

మా ప్రాంతంలో వంశావళి ఎవరికుంది? హిందూపురం పక్కనే లేపాక్షి. 16వ శతాబ్దంలో అచ్యుతరాయల కాలాన ఆ గుడి కట్టించిన విరుపణ్ణ తల్లిదండ్రులు ముద్దమాంబ, నంది లక్కిశెట్టి అని మనకు తెలుసు. ఆ రాళ్లు మోసినోళ్ల పేరు ఒక్కటీ తెలీదు. 1565 యుద్ధంలో ఓడినాక విజయనగర రాజులు పెనుకొండకొచ్చి కూర్చున్నారు. వాళ్ల శాసనాల్లో వంశం చంద్రుడి దగ్గర మొదలవుతుంది. హిందూపురం మురారిరావు తండ్రి పేరున వెలిసిందంటారు. ధర్మవరం క్రియాశక్తి ఒడెయరు తల్లి పేరున వెలిసిందంటారు. కన్నోళ్ల పేర్లు ఊర్లకే పెట్టుకునే దొరతనం ఒకపక్క. కన్నోళ్ల పేరు కాగితంలో సక్రమంగా రాయించుకోలేని బతుకు ఇంకోపక్క.

అట్లని మాకు వంశం చెప్పేవాళ్లు లేరనుకోవద్దు. తెలంగాణలో డక్కలోళ్లు పటం విప్పి జాంబపురాణం చెప్తారు. మాదిగల గోత్రాలు, వంశాలు నోటితోనే వల్లిస్తారు. ఆ జ్ఞాపకమే వాళ్ల బతుకుదెరువు. అయితే అట్ల తరతరాలుగా మన పేర్లు మోసినోళ్లను మాదిగలు ఇంటి గడప తొక్కనిచ్చినారా? లేదు. అంటరానితనాన్ని కిందికి తోయడం మనకూ తెలుసు. వంశం అనే మాట ఎత్తినప్పుడల్లా ఈ సంగతి కూడా ఎత్తల్ల.

ఇక ఫైళ్ల సంగతి. మూడూ జెడ్‌కామ్ అనే ఒకే అచ్చులో ఉన్నాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో కట్టిన చెట్టును ఇంకో సాఫ్ట్‌వేర్ చదివేదానికి, చుట్టాలు ఒకరికొకరు పంపుకునేదానికి అది పనికొస్తుంది. 1984లో అమెరికాలోని మోర్మన్ చర్చి దాన్ని తయారుచేసింది. బతికుండేవాళ్లు సచ్చిపోయిన పూర్వీకుల తరఫున బాప్తిస్మం తీసుకోవచ్చని ఆ చర్చి నమ్మకం. దానికి పేర్లు, తేదీలు, ఊర్లు కావాలి. ఎవరి అవసరానికి ఎవరు చేసిన గంపనో తెలుసుకోని అందులో మన గింజలు పోసుకోవల్ల. ఆ గంపలో కుటుంబం అంటే ఒక మొగుడు, ఒక పెండ్లాం, పిల్లలు. పేరు అంటే ఒక పేరు, దాని పక్కన రెండు గీతల నడుమ ఒక ఇంటిపేరు.

అక్కడే మొదటి దెబ్బ తగిలింది. మా అన్న కొడుకు పాత భూమి కాగితాలు చూసి పేర్లు ఎక్కించినాడు. ఆ కాగితాల్లో మావాళ్లకు ఇంటిపేరు లేదు. 'మాదిగ' అని రాసి పక్కన పేరు, పేరు చివర 'డు' తగిలించినారు. సాఫ్ట్‌వేర్‌కు కులం తెలీదు. ముందుండే మాటను ఇంటిపేరు అనుకుంది. ఒకే పల్లె, ఒకే 'ఇంటిపేరు', ఒకే పేరుతో నలుగురు మొగోళ్లు తేలినారు. 'ఈ నలుగురూ ఒకరేనా? కలిపేయమంటారా?' అని అది అడుగుతోంది. వాళ్లు నలుగురు మనుషులు. నాలుగు గుడిసెలు, నాలుగు సమాధులు. రెడ్డికి ముందర ఇంటిపేరుంది, వెనక రెడ్డి అనే తోకా ఉంది. మాకు ఇంటిపేరుండాల్సిన చోటనే కులాన్ని కూర్చోబెట్టినారు. మెషీను చేస్తానంటున్న పని కరణం కలం ఎప్పుడో చేసింది. వాడలో ఉండే మనుషులందరినీ కలిపి ఒక్క మాట చేసింది. జెడ్‌కామ్ వచ్చిన 1984లోనే ఇక్కడ ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల, మునసబుల ఉద్యోగాలను రద్దు చేసింది. కరణం పోయినాడు గానీ ఆయన రాత పోలేదు. ఇప్పుడది కంప్యూటర్లోకి ఎక్కుతోంది, ఎక్కించేది మన పిల్లలే.

తేదీల సంగతి ఇంకో తీరు. మా తరంలో సగం మంది జూన్ ఒకటో, జూలై ఒకటో తారీకు పుట్టినోళ్లమే. బడిలో చేర్చుకున్న అయ్యవారు రాసిన తారీకు అది. ఇద్దరి పేరూ ఒకటై, పుట్టినరోజూ ఒకటైతే సాఫ్ట్‌వేర్‌కు ఇంక అనుమానమే ఉండదు. ముసలోళ్ల లెక్క వేరే. మా జేజి తన జేజి గురించి చెప్పేటప్పుడు "ధాత కరువులో సంకలో బిడ్డంట" అనేది. ధాత సంవత్సరం అంటే 1876-77, మద్రాసు రాజధానిలో లక్షల మంది తిండి లేక సచ్చిన కరువు. మా జేజి మాటలో తేదీ ఒక్కటే లేదు. బిడ్డ ఎట్ల బతికిందో, బతికించిందెవరో అంతా ఉంది. ఫైల్లో అది 'సుమారు 1876' అయి కూర్చుంది. కరువు రాలిపోయి అంకె మిగిలింది. ఊరి పేరూ ఇంతే. 1882 దాకా ఈ మూడు తాలూకాలూ బళ్లారి జిల్లా, ఆ తర్వాత అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వాడ కదల్లేదు, గుడిసె కదల్లేదు. మెషీనుకు మాత్రం మూడు ఊర్లు కనపడతాయి. నలుగురిని ఒకరు చేసే మెషీనే ఒక ఊరిని మూడు చేస్తుంది.

అన్నింటికంటే నన్ను నిలబెట్టింది ఒక ముసలవ్వ. ఆమెను బసివిగా వదిలినారు. మా అనంతపురం, బళ్లారి సీమలో కొడుకులు లేని ఇంట్లో కూతుర్ని దేవుడికి వదిలే ఆచారం. ఆమె పుట్టింట్లోనే ఉండి కొడుకు లెక్కన వారసురాలయ్యేది, ఆమె బిడ్డలు ఆమె తండ్రి వంశం కిందికొచ్చేవాళ్లు. ఆ అవ్వను మూడు ఫైళ్లు మూడు రకాలుగా రాసినాయి. హిందూపురం ఫైల్లో 'భర్త: తెలీదు'. ధర్మవరం ఫైల్లో అవ్వే లేదు, ఆమె బిడ్డలు గాలిలో వేలాడుతున్నారు. పెనుకొండ ఫైల్లో ఆ బిడ్డలకు తండ్రిగా వరసకు తమ్ముడయ్యే ఒకాయన పేరు రాసినారు. మూడూ చేసిన పని ఒకటే, అవ్వను దాచిపెట్టడం.

నేను బసివి ఆచారాన్ని పొగడడంలేదు. ఊరి పెద్దల పశుత్వానికి దేవుడి పేరు పెట్టడమే అది. 1988లో చట్టం చేసి నిషేధించిన దురాచారం. కానీ తండ్రి గడి ఖాళీగా ఉంటే పిల్లలు సిగ్గుపడి అబద్ధం రాస్తారు చూడు, అది నాకు కాలింది. ఆ ఖాళీ గడి మా అవ్వ సిగ్గు కాదు. ఆ గడిలో రావాల్సిన పేరు ఊర్లో అందరికీ తెలుసు. ఆ పేరు ఊరోళ్ల వంశవృక్షంలో పెద్దమనిషిగా వెలుగుతుంటుంది, దాని కింద మా అవ్వ బిడ్డలు కనపడరు. సిగ్గుపడాల్సింది ఎవరు? ఖాళీని ఖాళీగానే ఉంచండి. అవ్వ పేరు నుంచే గీత గీయండి. చెట్టు తల్లి నుంచి పెరగదా ఏం?

నాలుగో మాట, జాగ్రత్తగా వినాల్సిన మాట. ధర్మవరం ఫైల్లో మనిషికి రెండేసి పేర్లున్నాయి. బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. ఆ పిల్ల చర్చి రిజిస్టర్ చూసి ముత్తాత బాప్తిస్మం తారీకు కూడా ఎక్కించింది. నిజానికి మావాళ్లను ఒక పేరు, ఒక తారీకు ఉన్న మనుషులుగా గౌరవంగా రాసిన మొదటి పుస్తకం ఆ రిజిస్టరే. అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప ఇతర మతస్థులు ఎస్సీలు కారు. క్రైస్తవుడైన దళితుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి. క్రైస్తవాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే ఎస్సీనని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అనింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన వాడ ఊర్లోకి మారిందా? టీ అంగడిలో గ్లాసు మారిందా? మారలేదని కోర్టుకు తెలీకపోయినా మనకు తెలుసు.

కుల సర్టిఫికెట్ కోసం నేను పోయినప్పుడు ఒక ఆఫీసులో గుమాస్తా "ఇంట్లో గోడకు ఏసు బొమ్మ ఉందా?" అని అడిగినాడు. గోడ మీద బొమ్మ కోసం వెదికేవాళ్ల చేతికి నాలుగు తరాల ఫైలు దొరికితే ఏమవుతుందో ఆలోచించండి. మూడు ఫైళ్లనూ కలిపితే ముత్తాత బాప్తిస్మం ధర్మవరం కొమ్మకే కాదు, కింద ఉండే అన్ని కొమ్మలకూ తగులుకుంటుంది. గుడికి పోయే పెనుకొండ పిల్లోడి మీదా అనుమానం పడుతుంది. కలిపేది ఒకరు, నష్టపోయేది ఇంకొకరు. బతికుండే మనిషి వివరం ఆ మనిషిని అడక్కుండా చుట్టాలకైనా పంపే హక్కు ఎవరికీ లేదు.

ఇంకొకటి ఉంది. హిందూపురం ఫైల్లో ఒక కొమ్మ మధ్యలో ఆగిపోయింది. ఆ ఇంటికి మాల ఇంటి కోడలొచ్చింది. 'తర్వాత చూద్దాం' అని నోట్ పెట్టినారు. 1916లో కొలంబియా యూనివర్సిటీలో అంబేడ్కర్ చదివిన వ్యాసం కులానికి మూలం ఎక్కడుందో చెప్పింది. లోపలి పెండ్లిళ్లే కులం. మరి వంశవృక్షం దేని లెక్క? లోపలి పెండ్లిళ్ల లెక్కే. బయటినుంచి వచ్చిన మనిషిని ఆపిన చోట ఆ చెట్టు మనువు చెట్టు అవుతుంది. 1994 నుంచి దండోరా కొట్టింది వాటా కోసం. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణను ఒప్పుకున్నాక, 2025లో మన రాష్ట్రంలో ఎస్సీలను మూడు గ్రూపులు చేసినారు. అది న్యాయమైన లెక్క, ఆకలి లెక్క. దాన్ని రక్తశుద్ధి లెక్క చేస్తే మనకూ అగ్రహారానికీ తేడా ఏముంది? ఆ కోడలి పేరు రాయండి. ఆమె తల్లి పేరు, తండ్రి పేరు కూడా రాయండి.

'మరి చెట్టే వద్దంటావా?' అని అడుగుతారు. వద్దనను. ఎలెక్స్ హేలీ 'రూట్స్' (1976)ను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగులోకి తెచ్చినాక దాన్ని చదవని ఉద్యమకారుడు మా కాలంలో తక్కువ. అమెరికాలో 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు పేర్లు లేవు. యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. 1870లో గానీ వాళ్లందరి పేర్లూ రాయలేదు. నల్లవాళ్లు వెనక్కి వెతుక్కుంటా పోతే ఆ గోడ తగులుతుంది. మనకూ గోడ ఉంది. ఆ గోడను మనమే ముగ్గుతో అలికి తలుపని చెప్పుకోవద్దు. వై.బి. సత్యనారాయణ 2011లో తన కుటుంబం కథ రాసినారు, సుజాత గిడ్ల 2017లో రాసినారు. ఆ పుస్తకాల బలం గీతల్లో లేదు. ఎవరు ఎందుకు ఊరు వదిలినారో, ఏం పని చేసినారో చెప్పడంలో ఉంది.

కాబట్టి ముగ్గురు పిల్లలకూ నేను చెప్పేది ఇది. కలిపే మీట నొక్కే ముందు మూడు పాత ఫైళ్లనూ విడిగా దాచుకోండి. కలిపినాక విడదీయడం కష్టం. ఇద్దరు ఒకరేనని ఇంట్లో పెద్దలు చెప్తే తప్ప ఇద్దరినీ ఇద్దరుగానే ఉంచండి. ఇంటిపేరు గడిలోంచి 'మాదిగ' తీసేయండి. 'భూమి కాగితంలో కరణం ఇట్ల రాసినాడు' అని నోట్‌లో పెట్టండి. కులం దాచొద్దు, దాని చోట దాన్ని పెట్టండి. గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషికి ఎన్ని పేర్లయినా రాయొచ్చు, తండ్రి లేకుండా తల్లీబిడ్డల కుటుంబం కట్టొచ్చు, ఒక్కో వివరానికి తాళం వేయొచ్చు. ఫైలు పంపేటప్పుడు తాళం వేసినవీ, బతికుండేవాళ్లవీ పోకుండా ఆపొచ్చు. బాప్తిస్మాలకు తాళం వేయండి, తాళం ధర్మవరం పిల్ల చేతిలో ఉండనీ. 'ధాత కరువు' అని జేజి చెప్పిన మాటను జేజి మాటగానే రాయండి.

'వీళ్లిద్దరూ ఒకరేనా?' అని మెషీను అడిగితే అవునా కాదా అని తొందరపడొద్దు. 'ఈ పేరు ఎవరు రాసినారు, ఎవరి కోసం రాసినారు?' అని మనం అడగల్ల. ఆ జవాబు ఫైళ్లల్లో లేదు. మూడు ఊర్ల వాడల్లో ఎనభై ఏండ్లు దాటిన అవ్వల దగ్గరుంది. వాళ్లు ఉండంగానే పోయి కూర్చోండి.