నీటి వాలు తెలిసినవాడి వేట

హైదరాబాద్ పక్కనున్న హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారన్న కబురు వస్తే కొత్తగూడ హాస్టళ్ల కుర్రాళ్లు కూడా గాలాలు పట్టుకుని బయల్దేరతారు. ఎక్కువమంది నురగలు కక్కే వరద నడుమకే ఎర విసురుతారు. తరతరాలుగా వేటే బతుకైన గంగపుత్రులు, ముదిరాజులు మాత్రం గుండు వెనక నీరు సుడి తిరిగి నెమ్మదించే చోటు వెతుక్కుంటారు. ఉరవడితో పోరాడుతూ చేప ఎంతోసేపు ఉండలేదు. పక్కనున్న నెమ్మది నీటిలో, తల ఎదురుకు పెట్టి, కొట్టుకొచ్చే పురుగు కోసం కాచుకుంటుంది. అందుకే గాలాన్ని ఎగువకు విసిరి ఎరను దానంతట అది జారనివ్వాలి. బెండు నీటితోపాటే సాగాలి. అడ్డంగా ఈడ్చుకుపోతోందంటే దారం బిగిసినట్టే, ఆ ఎరను చేప నమ్మదు.

గేట్లు మూసి ఉన్నా జలాశయంలో నీరు కదులుతూనే ఉంటుంది. నైరుతి గాలి రోజంతా వీస్తే పైనీరు ఈశాన్యపు గట్టుకు చేరి, అక్కడ కిందికి దిగి, అడుగున వెనక్కి మళ్లుతుంది. నాచు, కంటికి ఆనని జీవులు ఆ గట్టునే పోగవుతాయి. పైపొరలో మేసే బొచ్చె వాటి వెంటే వస్తుంది. బురదలో మేసే మోసు కావాలంటే సీసం కట్టి ఎరను అడుగుకు దించాలి. గాలికి ఎదురు నిలబడి వల విసరడం కష్టమే, కానీ చేప ఉన్నది అక్కడే.

ఇక చేప కోసం చూడాల్సిన మరో చోటు, వాగు కలిసే దగ్గర. చల్లగా, మట్టితో బరువెక్కిన కొత్తనీరు పాత వాగు పల్లం పట్టుకుని అడుగుకు జారిపోతుంది. ఎండాకాలం నీరు తీసిన శిఖంలో నడిచి చూసినవాడికే ఆ పల్లం జాడ తెలుస్తుంది. వల ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ జాడ కొనుక్కోలేం. జాలరి అసలు ఆస్తి ఇదేనని నా నమ్మకం.

కొత్తనీటికి చేప ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికి. బొచ్చె, రవ్వ, మోసు మామూలుగా నిలవనీటిలో గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో వీటి జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ విజయం తర్వాత కూడా హేచరీల గుండ్రటి తొట్లలో నీటిని తిప్పుతూనే ఉన్నారు. పారే నీరు ఆ పనికి అంత సాయం.

అదే పారకం చేపను చంపగలదు కూడా. కొత్తగూడకు దగ్గర్లోని దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. ఇప్పుడు ఇలాంటి నగరపు చెరువుల్లోకి తొలివాన కాలువల మురుగును తోసుకొచ్చిందంటే నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది, చేపలు చచ్చి తేలుతాయి. వేట నేర్చినవాళ్లు వాటిని చూసి ఊరుకోకూడదు.

తొలకరికి మత్తడి దగ్గర గుడ్ల చేప చిక్కితే వదిలేయండి. గేట్ల కింద నీళ్లలోకి మాత్రం దిగకండి. సైరన్ వినగానే గట్టెక్కండి.