మేట మీద ఎన్ని సెంటీమీటర్లు?

పడవ తీసే ముందు నేను పంచాంగం చూస్తాను. పోటుల పట్టిక తర్వాత. తోటి సెయిలర్లు నవ్వుతారు గానీ, అమావాస్య పున్నముల చుట్టూ సముద్రం బాగా ఎక్కి బాగా దిగుతుందనీ, అష్టమి నవములకు ఆ ఊపు తగ్గుతుందనీ తిథి చూస్తే తెలిసిపోతుంది. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కనుక పోటు కూడా రోజుకు రెండు ఘడియలు వెనక్కి జరుగుతుంది. వేటకెళ్లేవాళ్లకు ఈ లెక్క నోటికొచ్చు.

తిథి వేళ చెబుతుంది. సెంటీమీటర్లు చెప్పదు. కాకినాడ అఖాతంలో నాకు కావలసింది ఆ సెంటీమీటర్లే. తూర్పున హోప్ ఐలండ్ అలల్ని ఆపేయడంతో లోపల నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. నిమ్మళంగా ఉన్నచోటే గోదావరి ఒండ్రు దిగుతుంది. కోరింగ మడ అడవుల పాయల్లోకి వెళ్లాలంటే మొగలో పేరుకున్న మేట దాటాలి.

సర్వే ఆఫ్ ఇండియా పట్టికలో ఉదయం 5.40కి పాటు 0.3 మీటరు, 11.50కి పోటు 1.5 మీటర్లు అని ఉందనుకోండి. తేడా 1.2. పన్నెండో వంతు 10 సెంటీమీటర్లు. మధ్య కాలాన్ని ఆరు భాగాలు చేస్తే నీరు వరుసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు పెరుగుతుంది. మూడో భాగం ముగిసేసరికి, అంటే పావు తక్కువ తొమ్మిదికి, సగం ఎక్కి 0.9 అవుతుంది. మేట మీద చార్టు చూపే లోతు 0.6. రెండూ కలిపితే 1.5 మీటర్లు. నా పడవ నీటిలో 1.1 మునుగుతుంది. అడుగున 40 సెంటీమీటర్ల ఖాళీ.

ఇలా కలపగలుగుతున్నామంటే చార్టుకూ పట్టికకూ సున్నా ఒకటే కాబట్టి. మామూలు పాటులో నీరు దాదాపుగా అంతకంటే కిందికి దిగని మట్టం అది. మన తీరాల కోసం అలాంటి సున్నాను ప్రతిపాదించినవాడు జార్జ్ డార్విన్, పరిణామవాదం డార్విన్ గారి అబ్బాయి.

పన్నెండో వంతుల సూత్రం నోటిలెక్కకు కుదించినది, అంతే. మొదటి గంటలో అది చెప్పే 10 సెంటీమీటర్లకు అసలు వక్రరేఖ ఇచ్చేది 8. రోజుకు రెండు పోట్లూ రెండు పాట్లూ క్రమంగా వచ్చే మన తీరంలో సరిపోతుంది గానీ, ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర పోటు రెండుసార్లు శిఖరానికి వస్తుంది, అక్కడ దీన్ని నమ్మకూడదు.

పున్నమికైనా మన దగ్గర పోటుపాటుల తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు దాటుతుంది. "లెక్కలు అక్కడివాళ్లకి గానీ మనకెందుకండీ" అంటారు కొందరు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పది మీటర్ల పోటులో 30 సెంటీమీటర్ల పొరపాటు ఎవరికీ కనిపించదు. నా 1.2 మీటర్లలో అది పావు వంతు.

ఆ 30 పోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. వాతావరణ పీడనం ఒక మిల్లీబార్ పెరిగితే నీరు దాదాపు సెంటీమీటరు తగ్గుతుంది. నేల మీంచి వీచే పడమటి గాలి నీటిని సముద్రం వైపు తోసేస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఈ తీరాన సగటు సముద్రమట్టమే అక్టోబరు, నవంబరు కంటే అడుగుకు పైగా తక్కువ. పట్టికలో అది సగటున కలిసే ఉంటుంది, కానీ సముద్రం ప్రతి ఏడూ ఆ సగటుకు కట్టుబడదు. ఇక మేట సంగతి సరేసరి, చార్టు అచ్చయ్యాక ఎన్ని వరదలొచ్చాయో!

అందుకే ఆ 40ని అలాగే ఉంచుకోను. అల పల్లానికి 20 తీసేస్తాను, గాలికీ పీడనానికీ 10. మిగిలిన పదితో మేట మీదికి వెళ్లడం దండగ. ఇంకో గంట లంగరేసుకుంటే 30 సెంటీమీటర్లు ఊరికే వస్తాయి. ఈలోగా గడ వేసి చూస్తాను. గడకూ లెక్కకూ కుదరకపోతే గడ మాటే నెగ్గుతుంది.

దాటేది ఎప్పుడూ నీరు ఎక్కుతుండగానే. తగులుకున్నా కాసేపట్లో పోటే లేపుతుంది. పున్నమి పోటు కొసన మాత్రం అస్సలు వెళ్లను. అక్కడ ఇరుక్కుంటే అమావాస్య దాకా అంత నీరు మళ్లీ రాకపోవచ్చు, పడవని మడచెట్టుకు కట్టేసి నేను కాకినాడ బస్సెక్కాలి.